బండ పాట

పొద్దున ఏడు గంటలకంతా ఓబమ్మ సంగటి ముద్ద తిని, కొంగు నడుముకు చెక్కి, సుత్తి చేతబట్టుకోని బండల ఫ్యాక్టరీకి పోతాది. జమ్మలమడుగుకు రెండు మైళ్ల ఇవతల గుట్టకిందపల్లె. ఆ పల్లె పొలిమేరలోనే ఫ్యాక్టరీ. గని కాడ నుంచి ట్రాక్టర్లలో నాపబండలు వచ్చి పడతాయి. వాటిని వరసగా నిలబెడతారు. ఓబమ్మ ఒగొగదాన్నే సుత్తితో తడతా పోతాది. కంగుమంటే అది పలికే బండ. బొద్దుమంటే మూగది. మూగదాంట్లో కంటికి కనపడని చీలిక ఉంటాది, ఎప్పుడో ఒగ దినం రెండు ముక్కలైతాది. పలికేదాన్ని కుడిపక్కకు, మూగదాన్ని ఎడంపక్కకు తోయించేదే ఆమె పని. ఇరవై ఏండ్లలో ఒక్క బండ గూడా ఆమెకు అబద్ధం చెప్పల్యా.

ఆమె మొగుడు పదేండ్ల కిందట బస్సులో ప్రొద్దుటూరు పోతాంటే, ఎవురికోసమో ఏసిన బాంబు ఆయప్ప మింద పడింది. "ఎవురి బాంబు?" అని పోలీసులు అడిగినారు. "బాంబు మింద పేరు రాస్తారా సామీ?" అనింది ఓబమ్మ. పదకొండు దినాలు ఏడ్చింది. పన్నెండో దినం మళ్లా పనికి పోయింది.

మండలాలు కొత్తగా పుట్టిన కాలం అది. మండలాధ్యక్షుని కుర్చీ కోసం అందరికీ కండ్లు ఎర్రబడినాయి. గుట్టకిందపల్లెలో పైవీధికి మీసాల గంగులయ్య పెద్ద, కిందవీధికి చిన్నసుబ్బయ్య పెద్ద. చెరొక పార్టీ, చెరొక జీపు, చెరి పదిమంది మనుషులు. ఓబమ్మ ఇల్లు పైవీధిలో. కూతురు వెంకటమ్మను కిందవీధికి ఇచ్చింది, కండ్ల ముందర ఉంటాదిలే అని. అల్లుడు కుళ్లాయప్ప చెడ్డోడు కాదు. గొర్లు మేపుకునేటోడు. ఏడాది కిందట గొర్లు అమ్మేసి, తెల్ల చొక్కా కుట్టిచ్చుకోని, చిన్నసుబ్బయ్య జీపు ఎనక ఎక్కినాడు. అప్పట్నుంచి కాళ్లు నేల మింద ఆనేటట్టు నడవడం మర్చిపోయినాడు.

ఆ ఎండాకాలం సైదాబీ కొడుకు కమాల్ బాషా కువైట్ నుంచి సెలవుకు వచ్చినాడు. సైదాబీ గూడా ఫ్యాక్టరీలోనే బండలకు నీళ్లు పడతాది. కువైట్ నుంచి వచ్చినోళ్లు అత్తరు సీసాలు, దుప్పట్లు తెస్తారు. ఈయప్ప రెండు చెవుల టేపురికార్డు, ఒకే ఒక క్యాసెట్టు తెచ్చినాడు. అమ్మను చూసేదానికి ఫ్యాక్టరీకి వచ్చి, పెట్టె కింద పెట్టి మీట నొక్కినాడు.

డమడమ డమడమమని మొదలైంది. బండలు కోసే మిషను గూడా చిన్నబోయింది.

"ఇదేం పాట బాషా? లారీకి గేరు సరిగా పడనట్టుంది" అనింది ఓబమ్మ.

"రాక్ పాట అత్తా."

"రాక్ అంటే?"

కమాల్ బాషా బుర్ర గోక్కున్నాడు. ఆయప్పకు గూడా సరిగా తెలీదు. "ఇంగ్లీషులో రాక్ అంటే బండ అత్తా."

"అట్ల చెప్పు. బండ పాట. అయితే మట్టిలో పెట్టినావేంది, బండ మింద పెట్టు."

తీసి బండల వరస మింద పెట్టినాడు. ఆ పాడేటోడు గొంతు చించుకోని ఒకే మాట మళ్లా మళ్లా అంటాండాడు. ఆడోళ్లంతా పని ఆపి చెవులు పెట్టినారు.

"మన తెలుగే గదమ్మే!" అనింది సైదాబీ. "నోరా నోరా, ఏమి నవ్వు అంటాండాడు."

"అవును. నోరా నోరా, ఏమి నవ్వు" అనింది ఓబమ్మ. "నోటితో మాట్లాడతాండాడు పాపం. ఎన్నాళ్లయిందో నవ్వి."

కమాల్ బాషా పడీపడీ నవ్వినాడు. "నోరు కాదమ్మా! నో వార్, హియర్ మీ నౌ. యుద్ధమొద్దు, నా మాట ఇనండి అని దాని అర్థం. నా రూములో ఒగాయన ఉండె. వాండ్ల దేశం పేరు నాకు నోరు తిరగదు. ఆడ వీధికొగ పార్టీ, వీధికొగ గోడ. ఈ పాట వచ్చినాంక రెండు పక్కలోళ్లూ రేడియోలో ఇదే పెట్టుకున్యారంట. ఒగ శుక్రవారమంతా తుపాకి పేలల్యాదంట."

"శనివారం?"

"శనివారం పేలింది."

"ఊ. ఒగ దినమన్నా మేలే" అనింది ఓబమ్మ.

"మనకు యుద్ధం యాడుంది బేటా?" అనింది సైదాబీ. "మనకుండేది పార్టీ గదా."

కమాల్ బాషా సెలవు అయిపోయి కువైట్ పోతా, పెట్టెను అమ్మ కాడే పెట్టిపోయినాడు. దినమ్మూ అదే క్యాసెట్టు, అదే బండల మింద. నెల తిరిగేలోపల క్యాసెట్టు టేపంతా బయటికొచ్చి చిక్కుపడింది. ఎవురికీ బాధ లేకపాయె. ఎందుకంటే అప్పటికి బండలకు పాట వచ్చేసింది. ఓబమ్మ సుత్తితో తడితే కంగుమనేది మానేసి, నోరా నోరా అని ఎత్తుకుంటాండాయి. మూగబండలకు మాత్రం రాల్యా. అవి ఎప్పటిమాదిరే బొద్దుమంటాండాయి.

ఓబమ్మకు పని సులువైంది. పాడేది కుడిపక్క, పాడంది ఎడంపక్క.

లారీలోళ్లు లోడు కట్టుకుంటా, "మేయ్ ఓబమ్మా, బండల నడమ గడ్డి పెట్టించు, దోవపొడుగునా పాడతాంటే క్లీనరు చిందేసి ఎగురుతాండాడు, తాళ్లు ఊడిపోతాండాయి" అని గొణిగేటోళ్లు. అంతే. ప్రొద్దుటూరులో ఒగ బంగారంగడి మెట్లకు ఆ బండలే పరిచినారు. గొలుసు కొనేదానికి వచ్చి కొట్లాడుకున్య అత్తాకోడండ్లు, మెట్లు దిగేటప్పుడు ఒగరి భుజం ఒగరు పట్టుకోని దిగిపోయినారంట. పులివెందులలో అన్నదమ్ములిద్దరు ఇల్లు పంచుకోని, నడవా మధ్యన సున్నం గీత గీసుకోనుండిరి. కొత్త బండలు పరిచినాంక గీత యాడుందో ఎవురికీ కనపడల్యా. ఎగిరి ఎగిరి చెరిపేసినారు. మళ్లా గీయమని సున్నమేసేటోన్ని పిలిస్తే, వాడు గూడా ఎగిరి ఇంటికి పోయినాడంట.

గుట్టకిందపల్లెలో మాత్రం అందరివీ మట్టి అరుగులు. బండలు కోసే ఊరు గదా, అమ్మేదానికే గాని ఇంట్లో పరుచుకునేదానికి ఎవురికీ మిగల్యా.

ఆషాడం ముగిసే లోపల కుళాయి కాడ బిందెల గలాట, బిందెల నుంచి రాళ్లు, రాళ్ల నుంచి గొడ్డండ్లు. ముగ్గురికి తలలు పగిలినాయి. పెద్దోళ్లు కూర్చోని తీర్పు చేసినారు: ఊరి మధ్యన, పైవీధికీ కిందవీధికీ నడమ, నిలువు బండలు పాతి గోడ కట్టాల. ఎవురి మొగం ఎవురూ చూడకూడదు.

బండలకు గంగులయ్యే వచ్చినాడు. మీసం తిప్పుకుంటా వరసల ముందర తిరిగినాడు. కర్రతో ఒగదాన్ని పొడిచినాడు. అది పాడింది.

"ఓబమ్మా, పాడేవి నాకొద్దు. గమ్మునుండేవి ఏరి పెట్టు."

"గమ్మునుండేవి మూగబండలప్పా. చీలికలుంటాయి. పాతినాంక రెండు గాలివానలకు పడిపోతాయి. పడేది ఎవురి మింద పడతాదో నేను చెప్పల్యాను. మీ ఇష్టం."

గంగులయ్య మీసం ఆపినాడు. "గోడ నిలబడాల."

"నిలబడాలంటే పలికేవే కావాల."

"పలికేవి పాడతాయి గదమ్మే."

"పాడతాయి."

ఆమె ఏమీ నచ్చచెప్పల్యా, బతిమాలల్యా. ఉండేది ఉన్నట్టు చెప్పింది. ఆయప్పకు గట్టి గోడ కావాల. "సరే, పలికేవే ఎత్తు" అన్నాడు.

మనిషెత్తు గోడ లేచింది. నలభై మూడు బండలు. ఆ గోడ ఎవురి మాటా ఇనేది కాదు. గాలి తగిలినా, మేక ఒళ్లు రుద్దుకున్యా, చిన్నగా ఎత్తుకుంటాండె. కాకపోతే ఒగ చిక్కు వచ్చింది. బండ పైవీధి మొగం "నోరా నోరా" అని పాడి ఆగిపోతాది. కిందవీధి మొగం "ఏమి నవ్వు" అని మాత్రం పాడతాది. పైవీధోళ్లకు మొదలుంది, చివర లేదు. కిందవీధోళ్లకు చివరుంది, మొదలు లేదు.

తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోతే ఎట్లుంటాదో అట్ల అయింది ఊరు. బట్టలుతుకుతా ఉతుకుతా ఆడోళ్లు చెయ్యి ఆపి గోడ పక్క చూస్తారు. గంగులయ్య అన్నం తింటా తింటా, ముద్ద నోటి కాడ పెట్టుకోని, మిగతాదాని కోసం ఎదురుచూస్తాడు. ముసలోళ్లు గోడ పక్కనే మంచాలేసుకోని, "ఒరే, ఆపక్కోడా! నీ ముక్క రోంత గట్టిగా అనిపియ్యి!" అని అరుస్తాండిరి. పార్టీలోళ్లు మాత్రం వినపడనట్టు మొగాలు పెట్టుకోనుండిరి.

ఓబమ్మకు పాటతో పని లేదు. కూతురింటికి నాలుగడుగులు. గోడ వచ్చినాంక, చుట్టూ పొలాల మింద పోతే మైలు. ఎందుకులే అని ఊరగాయ గిన్నె గోడ మిందనే అందిస్తాండె.

నామినేషన్లకు ముందు దినం మధ్యాహ్నం, గిన్నె అందుకుంటా వెంకటమ్మ గొంతు తగ్గించింది.

"మ్మా, ఈయప్ప చేతికి బుట్ట ఇచ్చినారు."

"యే బుట్ట?"

"తెలీనట్టు అడుగుతావే. వరిపొట్టులో బాంబులు పెట్టి తెచ్చినాడు. మంచం కిందుంది."

"మంచం కిందనా! దాని మిందనే పండుకుంటాండారా ఇద్దరూ?"

"ఆయప్ప పండుకుంటాండాడు. నేను వసారాలోకి వచ్చేసినా." వెంకటమ్మ గోడకు తల ఆనించింది. ఆపక్క బండ "ఏమి నవ్వు" అనింది. "నువ్వు గమ్మునుండు" అని బండను కసిరి, ఏడ్చింది. "రేప్పొద్దున గంగులయ్య జీపు మలుపు తిరిగేటప్పుడు ముందుగా ఏసేది ఈయప్పేనంట. వాండ్ల కాడ గూడా ఉన్యాయి. ఒగటి ఏస్తే పది పడతాయి. నా గతి నీ గతే గదా ఇంగ?"

"పిలువు వాన్ని."

కుళ్లాయప్ప వచ్చి గోడ ఆపక్క నిలబడినాడు. బండల సందులోనించి తెల్ల చొక్కా భుజాలు మాత్రం కనపడతాండాయి.

"అత్తా, బాగుండావా?"

"బుట్ట ఎనక్కిచ్చెయ్యి."

"మాటిచ్చినా అత్తా. ఆయన తిండి తిన్యా."

"ఏడాదిగా తింటాండేది నా కూతురు చేసిన సంగటి. ఆయన పెట్టింది టీ. టీకి ఎవురన్నా చస్తారా?"

"నీకు తెలీదత్తా. ఇప్పుడు కాదంటే మొగోన్నే కాదంటారు."

"ఎవురంటారో నాకు చెప్పు, వాండ్లకు నేను చెప్తా."

ఆయప్పకు నవ్వొచ్చినట్టుంది, భుజాలు కదిలినాయి. అయినా, "రేపొక్క దినమే అత్తా" అన్నాడు. తన మొగుడు గూడా ఆ దినం ఒక్క దినమే బస్సెక్కినాడు. ఓబమ్మ ఆ మాట అనల్యా. వెంకటమ్మ ఎనక్కిచ్చిన ఖాళీ గిన్నె తీసుకోని ఇంటికి పోయింది.

తెల్లారి ఎనిమిదికంతా ఎండ ఎక్కింది. గోడకు ఈపక్క గంగులయ్య జీపు, ఆపక్క చిన్నసుబ్బయ్య జీపు, రెండూ గుర్రుమంటాండాయి. ఈపక్క పదిమంది, ఆపక్క పదిమంది. బుట్టల మింద తువ్వాలలు కప్పినారు. మూడు గంటల లోపల జమ్మలమడుగులో కాగితాలు ఇయ్యాల.

ఓబమ్మ సుత్తి తీసుకోని గోడ మొదటికి వచ్చింది. ఎవురూ పట్టించుకోల్యా. ఆమె బండలు తట్టేది ఊరికి కొత్తా?

అప్పటి దాకా ఆ గోడకు గాలి తగిలింది, మేకలు తగిలినాయి గాని, చెయ్యి తెలిసిన దెబ్బ పడల్యా. మెత్తగా తడితే బండ సగమే పలుకుతాది. గట్టిగా మోదితే పగుల్తాది. రెండిటికీ నడమ ఒగ దెబ్బ ఉంది, బండ ఈపక్క నుంచి ఆపక్కకు పూరా లేచి పలికే దెబ్బ. అది ఓబమ్మ మణికట్టుకు తెలుసు. మొదటి బండను కొట్టింది. రెండోదాన్ని కొట్టింది. నడుస్తా నడుస్తా, ఒగదాని పలుకు ఆరకముందే ఇంగొగదాన్ని కొడతా, నలభై మూడూ కొట్టింది.

ఈపక్క "నోరా నోరా" లేచింది. ఆపక్క "ఏమి నవ్వు" లేచింది. రెండూ గోడెక్కి, పైన గాల్లో కలిసినాయి.

ఊరు ఊరంతా తుమ్మినంత హాయి అయింది.

తర్వాత డమడమ మొదలైంది. నేల అదిరింది. కుళ్లాయప్ప కాలు ముందుగా లేచింది. బుట్ట నెత్తిన ఉంది.

"ఎగరబాకరా!" అని చిన్నసుబ్బయ్య పెడబొబ్బ పెట్టినాడు. "బుట్టలో ఏముందో మర్చినావా!"

"నేనెగరడంలే అన్నా! కాళ్లు ఎగురుతాండాయి!"

"కాళ్లు ఆపుకోరా!"

"నువ్వాపు అన్నా ముందు!"

చిన్నసుబ్బయ్య కిందికి చూసుకున్యాడు. పంచె ఎగ్గట్టుకోని తన కాళ్లు ఎప్పుడో మొదలుపెట్టినాయి. నాటుబాంబు రోంత అదిరినా ఓర్చుకోదు. ఆ సంగతి ఆయప్పకు తెలిసినంత ఎవురికీ తెలీదు.

"బుట్టలు కింద పెట్టండ్రా!"

"కింద నేల గూడా ఎగురుతాందన్నా!"

"నీళ్లలో పెట్టండ్రా! నీళ్లల్లో! మెల్లగా! మీ అమ్మల మింద ఒట్టు, మెల్లగా!"

బర్రెలు నీళ్లు తాగే తొట్టి కాడికి ఎగురుకుంటా, ఒగరి నడుము ఒగరు పట్టుకోని, పాలకుండలు మోసినట్టు మోసి, బుట్టలన్నీ నీళ్లలో ముంచినారు. బుడబుడమని పొట్టంతా పైకి తేలింది. నీళ్లు తాగిన బాంబు బురదముద్దతో సమానం.

సరిగ్గా అప్పుడే గోడ ఈపక్క నుంచి గంగులయ్య అరుపు: "తొట్లో పడేయండ్రా! అందరం సస్తామురా!"

ఆపక్కోళ్లు విన్యారు. "వాండ్లు గూడా ముంచేసినార్రోయ్!" అన్నాడు కుళ్లాయప్ప. ఇరవైమందికీ ఒక్కసారే నవ్వొచ్చింది. అప్పుడు ఎగిరినారు చూడు. ఇంగ చేతుల్లో ఏమీ లేవు, భయం లేదు. ముసలోళ్లు మంచాల మిందనే ఎగిరితే నులక తెగింది. సైదాబీ బిందె పక్కనపెట్టి, "హాయ్ అల్లా, ఈ వయసులో" అనుకుంటానే ఎగిరింది. గంగులయ్య మీసం ఒగసారి కుడికి, ఒగసారి ఎడమకు ఎగురుతాంటే, గోడ మిందికెక్కి ఆపక్క ఆడపిల్లలు గూడా చూసినారు.

పదకొండుకు పాట తగ్గింది. అందరూ చెమటలు కారతా నిలబడినారు. ఎవురో, "మళ్లా ఒగసారి మొత్తం వినాల. సగం సగం మాతో కాదు" అన్నారు. ఆపక్క నుంచి గూడా అదే మాట.

"బండ తీయాల అయితే" అనింది ఓబమ్మ. "చివరిది లాగితే వరసంతా ఒరుగుతాది. ఇరవై రెండోది లాగండి, మిగతావి కదలవు."

ఈపక్క నలుగురు, ఆపక్క నలుగురు గడ్డపారలేసి ఇరవై రెండోదాన్ని లేపినారు. ఒద్దని చెప్పేదానికి పెద్దోళ్లిద్దరికీ ఊపిరి లేదు. ఎవురి జీపులో వాండ్లు, ఎనక ఒక్కరూ లేకుండా, జమ్మలమడుగుకు పోయి కాగితాలిచ్చి వచ్చినారు. ఎవురు గెల్చినారో ఓబమ్మకు గుర్తు లేదు.

ఆ సందులోనించే ఆమె కూతురింటికి పోయింది. నాలుగడుగులే. వెంకటమ్మ కొర్రన్నం, పప్పు చేసి పెట్టింది. ముగ్గురూ కిందనే కూర్చున్యారు. కుళ్లాయప్ప కాళ్లు వాచి గుమ్మడికాయల మాదిరి ఉన్యాయి. అప్పుడే చిన్నసుబ్బయ్య కాడ నుంచి మనిషి వచ్చి, వాకిట్లోనే నిలబడి చెప్పినాడు.

"కుళ్లాయప్పా, రేపట్నుంచి జీపు కాడికి రావద్దంట. నువ్వే కాదు, ఎవురూ వద్దంట. తాను ఎగరంగా చూసినోన్ని ఎనక పెట్టుకోని తిరగలేడంట. మొగం చెల్లదంట."

"నువ్వు?"

"నేను గూడా చూసినా గదా" అని ఆ మనిషి వచ్చిన దోవన పోయినాడు. గంగులయ్య ఇంటికాడ గూడా అదే మాట చెప్పినారని సాయంత్రానికి తెలిసింది.

కుళ్లాయప్ప ముద్ద కలుపుతా ఆగినాడు. ఏడాదికి మొదటిసారి ఆయప్ప మొగం గొర్లు మేపేటప్పటి మొగం మాదిరి ఉంది.

"అత్తా, ఇంగ నేనేం చేయాల?"

"తిన్యాంక చెప్తా. ముందు ఆ కాలు ఆపు, పళ్లెం గలగలమంటాంది, పప్పొలికి పోతాంది."

"నేనెప్పుడో ఆపినా అత్తా."

ఓబమ్మ వంగి చూసింది. ఆడతాండేది తన కాలే.